అడుగు మడ్డి

మా నాయిన నీళ్లను నాలుక మీద ఏసుకొని చెప్పేటోడు:
ఇవి మెత్తటివి, ఇవి సౌడువి,
వీటిల్ల ఎరుపు పండదు.
పుట్టపాక చుట్టు ఏడు బాయిలకు
ఆయన నోట్ల ఏడు రుచులు.
ఎనిమిదోది పంచాయతీ బోరు.
దాన్ని పుక్కిలించి ఉమ్మేసి
"పండ్లకు రంగెక్కుతది గని పోగుకు ఎక్కది" అనేటోడు.

నేను పనిచేసేకాడ నీళ్లతోని పనే లేదు.
చౌటుప్పల్ దాటినంక రోడ్డు వారకు రేకుల షెడ్డు,
లోపల ఉక్కు డ్రమ్ము, దానికి గాజు కన్ను.
పాలిస్టర్ లడీలు తిరుగుతుంటయి
నీళ్ల లెక్క కనవడే, నీళ్లు కాని దాంట్ల.
చెంబెడు ఎత్తితే చెంబున్నర బరువు.
తియ్యటి వాసన,
డ్రైక్లీనింగు నుంచి అప్పుడే తెచ్చిన పెండ్లి కోటు వాసన.
పాలిస్టర్‌కు దప్పి కాదు.
నీళ్లల్ల ఏస్తే నీళ్లను పట్టించుకోదు.
దీంట్ల మాత్రం, నూటిరవై డిగ్రీల కాడ,
కొంచెం ఉబ్బుతది, నోరు తెరుస్తది,
కరిగిన రంగును మింగి మూసుకుంటది.
తర్వాత అంత ఆవిరి.
ఆవిరిని చల్లార్చితే మళ్ల అదే మందు,
మళ్ల అదే డ్రమ్ముకు.
లడి బయటికొచ్చేసరికి ఎండే ఉంటది.
ఆరేసే దండెం లేదు. మోరీ లేదు.
మోరీ పొంటి ఎండిన తుమ్మ లేదు.

కాలుష్యం ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి అడిగిండు,
రోజుకు ఎన్ని నీళ్లు వాడుతరని.
గొట్టాల్ల చల్లగ తిరిగేటివి తిరుగుతనే ఉంటయి గదా,
వాటిని వదిలేసి
నా టిఫిన్ సంచిలున్న సీసా చూపించిన.
ఆయన నవ్వలేదు. రాసుకున్నడు.

నాయిన పోయి మూడేండ్లు.
మొన్న అటక దులుపుతుంటే
తువ్వాల్ల చుట్టిన లడి ఒకటి దొరికింది.
ఆముదపు కాయల బూడిద నీళ్లల్ల,
నూనెల, మళ్ల బూడిదల, మళ్ల నూనెల
పదహారు పొద్దులు పిసికి పిసికి ఎండేసినది.
ఎరుపు దాక రాలేదు, ఆయనే ఆగిపోయిండు.
మూట విప్పితే ఇల్లంత ఆ జిడ్డు వాసన.
వంటింట్ల నుంచి అమ్మ
"వచ్చిండా పనికెల్లి?" అని,
నాలుక కరుచుకున్నది.

ఎందుకు చేసిన్నో ధవల్ భాయికి చెప్పలేదు,
నాకు నేను చెప్పుకోలేదు.
రాత్రి షిఫ్టుల, నీలం బ్యాచి నడుమ,
ఆ లడిని గూడ కట్టి మూత బిగించిన.
ఆయన చూడని మిషిన్ల
ఆయన నూలు ఒక్కపారి తిరగాలనేమో.
గాజు కంట్ల నుంచి చూస్తుంటే
ఏది ఏదో తెలువలేదు.

పాలిస్టర్ చిక్కటి నీలమైంది.
నూలు మీద లేత మరక,
సబ్బుకు పోయేంత.
ముక్కు దగ్గరికి పెట్టుకున్న.
ఏం లేదు.
దాని పనే నూనెను తీసేసుడు. తీసేసింది.
దానికేం ఎరుక
ఏది జిడ్డో, ఏది మా నాయినో.

శనివారం బట్టీ అడుగు గీకుతరు.
ఆవిరి కాలేనిదంత అక్కడ దిగుతది:
మింగంగ మిగిలిన రంగు, మిల్లు మైనం,
నల్లగ, బెల్లం పాకం లెక్క.
చేతులకు తొడుగులు, మూతికి మాస్కు.
ఎవలూ లేంది చూసి మాస్కు దించిన.
మందు ఘాటు. కండ్లెంట నీళ్లు.
దానడుగున ఆముదం ఉన్నదో,
ఉన్నదని నేననుకున్ననో.
డబ్బాకు చీటీ అంటించి తూకం రాసిన:
నలభై రెండు కిలోలు.
పోయిన వారానికన్న పావు కిలో ఎక్కువ.
'కారణం' అన్న గడి ఖాళీ.

లడి ఇంటికి తెచ్చిన.
అమ్మ వాసన చూసి ఏమనలే.
గాబుల ముంచిన చెంబు దానిమీద ఒంపింది,
పంచాయతీ బోరు నీళ్లే.
ఎనుకట ఆ నూలు మీద నీళ్లు పోస్తే
ముత్యాలై జారేటివి.
ఇప్పుడు ఒక్క చుక్క కింద పడలే.
"ఇంకింత పొయ్యనా?" అన్నది అమ్మ,
నన్ను గాదు.